ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ అన్ని నవలలు ఎలా రాయగలిగాడు? పెర్రీ మేసన్‌ను ఏ వరసలో చదవాలి?

కృష్ణలంక_పాఠకుడు:

నమస్కారం. లాయరు హీరోగా ఉన్న పెర్రీ మేసన్ నవలలు దొరికినవి దొరికినట్టు చదువుతూ వచ్చాను, వరసా వావీ చూసుకోలేదు. ఇప్పుడు రాసినాయన మీద ఆసక్తి పుట్టింది. అట్టల వెనక ఒకచోట ఉన్నదానికీ ఇంకోచోట ఉన్నదానికీ పొంతన కుదరడం లేదు. ప్లీడరీ చేస్తూనే రాశాడని కొందరు, కలం పట్టకుండా నోటితో చెప్పి రాయించాడని కొందరు, అసలు రాసింది ఆయన కాదు, ఆయన సెక్రటరీలని మరికొందరు. ఏది నిజం? కథ ముందే అల్లుకునేవాడా, చెబుతూ చెబుతూ అల్లేవాడా? ఏ.ఏ. ఫెయిర్ పేరు మీద ఉన్నవీ ఆయనవేనా? పాత పుస్తకాలు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

తెలుగులో ఒక లాయరు డిటెక్టివ్‌తో సీరియల్ రాయాలని ఉంది. అందుకని ఆయన పద్ధతి గురించి కాస్త విడమరిచి చెప్పండి.

తొలిముద్రణ:

ముందు జీవితం సంగతి చెప్తాను. అది తెలిస్తే మిగతా ప్రశ్నలు సగం విడిపోతాయి.

పుట్టింది 1889లో, మసాచుసెట్స్ రాష్ట్రం మాల్డెన్‌లో. లా కాలేజీ చదువు కొద్ది రోజులకే ఆగిపోయింది. తర్వాత లాయర్ల ఆఫీసుల్లో పనిచేస్తూ సొంతంగా చదివి 1911లో కాలిఫోర్నియా బార్ పరీక్ష పాసయ్యాడు. ఆక్స్‌నార్డ్ అనే చిన్న ఊళ్ళో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ ఆయన క్లయింట్లలో చాలామంది చైనా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, వేరే లాయర్లు పట్టించుకోనివాళ్ళు. మధ్యలో కొన్నేళ్ళు ప్లీడరీ వదిలి టైర్ల వ్యాపారంలో తిరిగాడు. 1921లో వెంచురాలో ఒక లాయర్ల సంస్థలో చేరి మళ్ళీ కోర్టుకెక్కాడు. రాయడం మొదలైంది కూడా ఆ ఏడాదే.

అప్పట్లో అమెరికాలో చవక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికలు, పల్ప్ పత్రికలంటారు వాటిని, డజన్ల కొద్దీ ఉండేవి. పదానికి ఇన్ని సెంట్లని లెక్కగట్టి డబ్బిచ్చేవాళ్ళు. గార్డ్‌నర్ మొదట్లో పంపినవి ఎక్కువగా తిరిగొచ్చాయి. 'బ్లాక్ మాస్క్' పత్రిక తిప్పి పంపిన ఒక కథతోపాటు, ఆ ఆఫీసులో ఒకరు దాన్ని చీల్చి చెండాడుతూ రాసుకున్న చీటీ పొరపాటున వచ్చేసింది. ఆయన దాన్ని దగ్గర పెట్టుకుని, అందులో పట్టిన తప్పులన్నీ సరిచేస్తూ కథను తిరగరాసి మళ్ళీ పంపాడు. 1923 డిసెంబరులో ఛార్లెస్ ఎం. గ్రీన్ అనే మారుపేరుతో అది అచ్చయింది. ఆయన రచనా జీవితంలో అసలైన మలుపు ఇదేనని నేననుకుంటాను. వద్దన్నవాడు ఎందుకు వద్దన్నాడో పట్టుకుని దాన్నే సరిచేయడం ఆయనకు చివరిదాకా నిలిచిన అలవాటు.

ఆ తర్వాత ఏడాదికి 12 లక్షల పదాలు రాయాలని తనకు తానే లెక్క పెట్టుకున్నాడు. రోజుకు దాదాపు 3,300 పదాలు పడుతుంది. అదీ పగలు కోర్టులో నిలబడి, రాత్రి టైప్‌రైటర్ ముందు కూర్చుని. ఎడ్ జెంకిన్స్, లెస్టర్ లీత్, సిడ్నీ జూమ్ వంటి సీరియల్ హీరోలు ఆ కాలంలో పుట్టినవాళ్ళే. 1932లో 'బ్లాక్ మాస్క్'లో కెన్ కార్నింగ్ అనే లాయరు హీరో వచ్చాడు. పెర్రీ మేసన్‌కు ముందు గీసిన బొమ్మ అతనే.

మేసన్ మొదటి నవల 'ది కేస్ ఆఫ్ ది వెల్వెట్ క్లాస్', 1933. మారో అనే ప్రచురణ కంపెనీలో థేయర్ హాబ్సన్ అది తీసుకుని, ఈ లాయరును ఒక్క నవలతో వదలొద్దు, వరసగా నడపమన్నాడు. అప్పటికే తయారుగా ఉన్న రెండో నవలలోని లాయరును కూడా మేసన్‌గా మార్చేశారు. గార్డ్‌నర్ చిన్నప్పుడు చదివిన బాలల పత్రిక ప్రచురణ సంస్థ పేరు పెర్రీ మేసన్ కంపెనీ. పాత్ర పేరు అక్కడిది. అదే ఏడాది ప్లీడరీ మానేశాడు. కాబట్టి మీరు విన్న మొదటి మాట పల్ప్ కథల కాలానికి నిజం, మేసన్ నవలల్లో అత్యధిక భాగానికి కాదు.

1970లో కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో, తన రాంచో ఎస్టేటులో పోయాడు. మేసన్ నవలలు మొత్తం 82. అందులో రెండు ఆయన పోయాక 1972, 1973లో వచ్చాయి. ఏ.ఏ. ఫెయిర్ నవలలు, డగ్ సెల్బీ నవలలు, ప్రయాణ పుస్తకాలు కలుపుకుంటే నూరు ఎప్పుడో దాటిపోతుంది. అట్టల మీది అంకెలు అందుకే ఒకదానితో ఒకటి కలవవు. కొందరు మేసన్‌నే లెక్కపెడతారు, కొందరు అన్నీ కలుపుతారు.

చిక్కుముడి:

పద్ధతి గురించి నేను చెప్తాను.

నోటితో చెప్పి రాయించాడన్నది నిజం. పల్ప్ రోజుల్లో రెండు వేళ్ళతో టైపు కొట్టేవాడు, వేళ్ళు పచ్చిపుండ్లయ్యేవి. తర్వాత డిక్టేషన్‌కు మారాడు. ఆయన దగ్గర అక్కచెల్లెళ్ళు ముగ్గురు ఏళ్ళ తరబడి సెక్రటరీలుగా పనిచేశారు. వాళ్ళలో జీన్ బెథెల్‌ను 1968లో, మొదటి భార్య పోయిన తర్వాత, పెళ్ళి చేసుకున్నాడు. నవలల్లో మేసన్ సెక్రటరీ డెల్లా స్ట్రీట్‌లో ఆమె పోలికలున్నాయని చాలామంది అంటారు. సెక్రటరీలు టైపు చేశారు, లెక్కలు చూశారు, ఉత్తరాలకు జవాబులిచ్చారు. నవలలు రాయలేదు. ఆయన చేత్తో రాసుకున్న ప్లాట్ నోటుబుక్కులు, కాగితాలు టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లోని హ్యారీ రాన్సమ్ సెంటర్‌లో ఉన్నాయి. ఏ నవల ఎలా అల్లుకున్నాడో వాటిలో కనబడుతుంది.

డిక్టేషన్ వేగం చూసి మోసపోకండి. నవల నోటితో చెప్పడానికి వారం పట్టకపోవచ్చు. ఆ వారానికి ముందు నోటుబుక్కులో జరిగిన పనే అసలు పని.

పల్ప్ రోజుల్లో అట్టముక్కలతో చక్రాలు చేసుకున్నాడు. ఒక చక్రం మీద హీరోకు అడ్డుపడే చిల్లర పాత్రలు, ఇంకోదాని మీద పరిస్థితిని ముదిరించే చిక్కులు, మరోదాని మీద హీరోను తప్పుదారి పట్టించే ఆనవాళ్ళు. తిప్పి, ఆగినచోట ఉన్నవి కలిపి చూసేవాడు. చాలామంది ఈ చక్రాల దగ్గరే ఆగిపోయి, అదే రహస్యమనుకుంటారు. చక్రం ఇచ్చేది పదార్థాలు మాత్రమే. నవలలకు వచ్చేసరికి అంతకన్నా పనికొచ్చింది ఆయన హంతకుడి మెట్లు అని రాసుకున్న పద్ధతి.

అందులో కథ మొదలయ్యేది డిటెక్టివ్ దగ్గర కాదు, హంతకుడి దగ్గర. హంతకుడికి ముందు ఒక కారణం, తర్వాత ఆశ, తర్వాత పథకం, అవకాశం. ఆపైన వెనక్కి తీసుకోలేని మొదటి అడుగు. తర్వాత హత్య, దాచిపెట్టడం, దాచిపెట్టినదాన్ని కప్పిపుచ్చడానికి మరో పని, ఆ పనిలో గమనించకుండా వదిలిన చిన్న ఆనవాలు, నేరం ఇంకొకరి మీదికి తోయడం. ఇదంతా సంఘటనలు జరిగిన వరసలో రాసుకోవాలి. పాఠకుడికి చెప్పేది వేరే వరసలో. నవల మొదటి పేజీలో క్లయింటు మేసన్ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చేసరికి హంతకుడు సగం మెట్లు ఎక్కేసి ఉంటాడు. ఆ కథలు అంత వేగంగా మొదలవడానికి కారణం ఇదే.

మీరు రాసేటప్పుడు దీనికి రెండు కాగితాలు కలుపుకోండి. ఒకదాని మీద క్లయింటు లాయరుతో ఏ అబద్ధం చెబుతోంది, ఎందుకు చెబుతోంది అన్నది. మేసన్ క్లయింట్లు దాదాపు అందరూ ఏదో ఒకటి దాస్తారు. అది హత్యకు సంబంధం లేని సిగ్గుపడే విషయమో, ఇంకొకరిని కాపాడే విషయమో అయి ఉంటుంది. రెండో కాగితం మీద గంటల పట్టిక: ఎవరు ఏ వేళకు ఎక్కడున్నారు, ఎవరు ఎవర్ని చూశారు, ఎవర్ని చూశామనుకున్నారు. ఈ రెండో కాగితం లేకుండా డిక్టేషన్ మొదలుపెడితే సగం దాటాక ఒక పాత్ర ఒకే వేళకు రెండు చోట్ల ఉంటుంది. సీరియల్‌లో అప్పటికి ముందు భాగాలు అచ్చయిపోయి ఉంటాయి, సరిదిద్దే వీలుండదు.

ఈ పద్ధతికి నష్టాలూ ఉన్నాయి. నోటితో చెప్పిన నవలలో సంభాషణ ఎక్కువవుతుంది, చోటు వర్ణన పలచబడుతుంది. ముఖ్యంగా 1950ల తర్వాతి నవలల్లో పేజీలకు పేజీలు ప్రశ్న-జవాబు, ప్రశ్న-జవాబు. ముడి అంతా చివరి అధ్యాయంలో మేసన్ డెల్లాకూ, తన ప్రైవేటు డిటెక్టివ్ డ్రేక్‌కూ ఒక్క గుక్కలో విప్పిచెప్పడం కూడా ఎక్కువైంది. మొదటి పదేళ్ళ నవలల్లో మేసన్ నడుస్తాడు, తలుపులు తడతాడు, అబద్ధాలాడతాడు, ప్రమాదంలో పడతాడు. నాకు ఆ మేసనే ఎక్కువ ఇష్టం.

కృష్ణలంక_పాఠకుడు:

చాలా మంచి వివరం. కృతజ్ఞతలు. ఒక అనుమానం. నవలల్లో కోర్టు సీన్లు చాలావాటిలో జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కడే ఉంటాడు. అయినా సాక్షులందరినీ మేసన్ ఎదురు ప్రశ్నలతో క్రాస్ చేస్తాడు. అది ఏ దశ? మన కోర్టు పెట్టి రాస్తే అదే నడక కుదురుతుందా?

సెషన్స్_వాయిదా:

అది ప్రిలిమినరీ హియరింగ్. కాలిఫోర్నియాలో పెద్ద నేరం కేసు విచారణకు వెళ్ళేముందు, ముద్దాయిని నిలబెట్టడానికి తగిన ఆధారం ఉందా లేదా అని మేజిస్ట్రేటు చూసే దశ. జ్యూరీ ఉండదు. ప్రాసిక్యూషన్ నేరం పూర్తిగా రుజువు చేయనక్కర్లేదు, నమ్మదగ్గ కారణం చూపిస్తే చాలు. అందుకే జిల్లా అటార్నీ హామిల్టన్ బర్గర్ కొద్దిమంది సాక్షులతో సరిపెట్టాలని చూస్తాడు. చాలామంది డిఫెన్సు లాయర్లు కూడా అక్కడ తమ చేతిలోది బయటపెట్టకుండా ఊరుకుంటారు. మేసన్ ఊరుకోడు. హత్య జరిగి కొద్ది రోజులే కాబట్టి సాక్షుల మాటలు ఇంకా గట్టిపడలేదు, పోలీసుల దర్యాప్తు పూర్తి కాలేదు. అక్కడే కొడతాడు. కథకు కూడా సుఖం: జ్యూరీ ఎంపిక వంటి నెమ్మది పనులన్నీ తప్పిపోతాయి.

మన దగ్గర ఆ నడక కుదరదు. హత్య వంటి సెషన్స్ కేసు మేజిస్ట్రేటు దగ్గర నుంచి కమిట్ అయ్యేటప్పుడు, అంటే సెషన్స్ కోర్టుకు పంపేటప్పుడు, సాక్షుల్ని పిలవడం 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తోనే పోయింది. జ్యూరీ కూడా లేదు. క్రాస్ జరిగేది సెషన్స్ కోర్టులో, చార్జిషీటు వేసి, చార్జీలు ఖరారయ్యాక. హత్యకూ దానికీ మధ్య చాలా నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. బెయిలు వాదనలో సాక్షిని బోనెక్కించి క్రాస్ చేయడం ఉండదు. ఆ సీను రాస్తే కోర్టు తెలిసినవాళ్ళు అక్కడే పుస్తకం మూసేస్తారు.

ఇంకో తేడా మీకు పనికొస్తుంది. పోలీసులు నమోదు చేసిన సాక్షుల వాంగ్మూలాలు, ఆ కోడ్‌లోని సెక్షన్ నంబరుతో కోర్టుల్లో 161 స్టేట్‌మెంట్లు అని పిలిచేవి, కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 180వ సెక్షన్ కిందికి వచ్చాయి. వాటి నకళ్ళు ముద్దాయికి ముందే ఇస్తారు. కాబట్టి ప్రాసిక్యూషన్ సాక్షి ఏం చెప్పబోతున్నాడో మీ లాయరుకు చాలావరకు తెలుసు. మెరుపు రావాల్సింది సాక్షి బోనులో చెప్పినదానికీ పోలీసులతో చెప్పినదానికీ ఉన్న తేడాలోంచి. ఆ స్టేట్‌మెంటు మీద సాక్షి సంతకం ఉండదు, దాన్ని డిఫెన్సు అతని మాట తప్పని చూపడానికే వాడుకోవచ్చు. ముందుగా ఆ ముక్క అతనికి చదివి వినిపించి, 'అలా చెప్పారా లేదా' అని అడగాలి. అతను లేదంటే, తర్వాత దర్యాప్తు అధికారిని అడిగి రుజువు చేసుకోవాలి. రెండు వేర్వేరు రోజుల్లో, ఇద్దరు వేర్వేరు మనుషులతో జరిగే పని ఇది. సీరియల్‌కు చక్కగా సరిపోతుంది: వారం మధ్యలో తెగుతుంది.

గార్డ్‌నర్ కోర్టు ఎత్తులు గాల్లోంచి రాలేదు. ఆక్స్‌నార్డ్‌లో చైనీయుల మీద లాటరీ టిక్కెట్లు అమ్మారన్న కేసు పెట్టబోతున్నారని ముందే తెలిసి, దుకాణాల్లో మనుషుల్ని తారుమారు చేయించాడు. అధికారులు వచ్చి మనిషిని కాక, దుకాణాన్ని బట్టి పేరు రాసుకుని అరెస్టు చేశారు. తీరా ఆ పేరు గలవాడు వీడు కాడు. గుర్తుపట్టడం అన్నది ఎంత బలహీనమైన సాక్ష్యమో అక్కడే తేలిపోయింది. తర్వాత నవలల్లో ఒకే పోలికగల ఆడవాళ్ళను తెచ్చి సాక్షిని తికమక పెట్టడం, ఒకటికి రెండు తుపాకులు తెచ్చి ఏది దేనిదో తేల్చుకోలేకుండా చేయడం అన్నీ ఈ దారివే. మేసన్ చేసేవాటిలో కొన్ని చట్టం అంచు మీద నడుస్తాయి. మన బార్ కౌన్సిల్ నియమాల కింద వాటిలో చాలావాటికి లాయరు మీద చర్య తీసుకోవచ్చు. మీ లాయరుతో చేయించేముందు ఆ నియమాలు ఒకసారి చదవండి.

తొలిముద్రణ:

ఇక చదివే వరస, కొనే సంగతి.

మొదటి కొన్ని నవలలు మాత్రం వరసలోనే చదవండి. ఒకదాని చివర తర్వాతి కేసు క్లయింటు గురించిన ప్రస్తావన వస్తుంది. 'వెల్వెట్ క్లాస్'లో కోర్టు విచారణే లేదు. అది చూసి నిరుత్సాహపడకుండా అదే ఏడాది వచ్చిన 'సల్కీ గర్ల్' తీయండి, మేసన్ విచారణ నడిపే మొదటి నవల అది. తర్వాత 1934లోని 'హౌలింగ్ డాగ్', 'క్యూరియస్ బ్రైడ్'. హామిల్టన్ బర్గర్ వచ్చేది 1935 నాటి 'కౌంటర్‌ఫీట్ ఐ'లో. పోలీసు లెఫ్టినెంట్ ట్రాగ్ 1940 నాటి 'సైలెంట్ పార్ట్‌నర్'లో. అంతకుముందు నవలల్లో ట్రాగ్ కనబడడం లేదేమని వెతకొద్దు. 1937 నుంచి 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్'లో సీరియల్స్ వచ్చాయి, 'లేమ్ కెనరీ'తో మొదలు. అది ఇంటిల్లిపాదీ చదివే పత్రిక కాబట్టి మేసన్ కరుకుదనం తగ్గింది. 1940 తర్వాతివి ఏ వరసలో చదివినా ఇబ్బంది లేదు. 1956 నాటి 'టెరిఫైడ్ టైపిస్ట్' మాత్రం కనీసం పది చదివాక తీయండి. మేసన్ కేసుల్లో మామూలుగా జరగనిది అందులో జరుగుతుంది. మామూలు తెలిసినవాళ్ళకే దాని దెబ్బ తగులుతుంది.

ఏ.ఏ. ఫెయిర్ ఆయనే. 1939లో మొదలు. బెర్తా కూల్ అనే భారీకాయం, డబ్బు దగ్గర గట్టి మనిషి, డిటెక్టివ్ ఏజెన్సీ యజమాని. డోనాల్డ్ లామ్ లాయరు పట్టా సస్పెండైన పొట్టి కుర్రాడు, తరచూ తన్నులు తినేవాడు, కథ చెప్పేవాడు. మేసన్ నవలలకంటే వీటిలో నవ్వు, ఊపు ఎక్కువ. రెండో నవలగా రాసిన 'ది నైఫ్ స్లిప్ట్'ను అప్పట్లో ప్రచురణకర్త తిప్పికొట్టారు. 2016లో హార్డ్ కేస్ క్రైమ్ వాళ్ళు వేశారు. డగ్ సెల్బీ నవలలు తొమ్మిది, 1937 నుంచి 1949 దాకా. వాటిలో హీరో జిల్లా అటార్నీ, అంటే బల్లకు అవతలివైపు. మేసన్ చదివి విసుగొస్తే అవి పట్టుకోండి.

అబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీదైనా, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనైనా కొనేముందు మూడు చూసుకోండి. మొదటిది, బ్రిటిష్ ముద్రణల్లో పేరు మారి ఉండొచ్చు. 'ది బిగ్గర్ దే కమ్', 'లామ్ టు ది స్లాటర్' రెండూ ఒకటే నవల. తెలియక రెండూ కొనేస్తారు. రెండోది, 'టూ మెనీ మర్డర్స్', 'బర్నింగ్ బిక్వెస్ట్' అనే రెండు మేసన్ నవలలు థామస్ ఛాస్టెయిన్ రాసినవి, 1989, 1990లో వచ్చాయి. మేసన్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రాసినవాడి పేరు చదవాలి. మూడోది, లోపలి కాపీరైటు పేజీ. అట్ట కొత్తదైనా నవల ఏ సంవత్సరానిదో అక్కడ తెలుస్తుంది. చివరి పేజీలు ఉన్నాయో లేవో తిప్పి చూడడం మరవకండి. బైండింగు విడిపోయిన పాత పేపర్‌బ్యాకుల్లో ముందు ఊడేవి అవే, ఈయన నవలల్లో ముడి విప్పేదీ అక్కడే.

చిక్కుముడి:

ఒక్క సంగతి కలుపుతాను, రాయబోయేవాళ్ళకు అవసరం కాబట్టి: హక్కులు.

1930ల్లో వార్నర్ బ్రదర్స్ ఆరు మేసన్ సినిమాలు తీసింది. మేసన్‌ను తాగుబోతు విలాసపురుషుడిలా మార్చారు, ఒకదాంట్లో డెల్లాతో పెళ్ళి కూడా చేసేశారు. గార్డ్‌నర్‌కు ఒళ్ళుమండింది. ఆ తర్వాత పాత్ర మీద అదుపు చేజారనివ్వలేదు. రేడియో సీరియల్ 1943 నుంచి 1955 దాకా సీబీఎస్‌లో నడిచింది. దాన్ని టీవీలో మధ్యాహ్నం సీరియల్‌గా మార్చడానికి ఆయన ఒప్పుకోకపోతే, మేసన్ లేకుండా వేరే పాత్రలతో ఇంకో సీరియల్ మొదలుపెట్టుకున్నారు. తను మాత్రం ఏజెంటు కార్న్‌వెల్ జాక్సన్, ఆయన భార్య గెయిల్ పాట్రిక్ జాక్సన్‌తో కలిసి పైసానో ప్రొడక్షన్స్ పెట్టి, స్క్రిప్టులు చదివి తప్పులు రాసి పంపుతూ తీయించాడు. రేమండ్ బర్ మేసన్‌గా 1957 సెప్టెంబరు నుంచి 1966 మే దాకా 271 ఎపిసోడ్లు వచ్చాయి. బర్‌ను మొదట పిలిచింది బర్గర్ పాత్రకు. చివరి ఎపిసోడ్‌లో జడ్జిగా కనిపించేది గార్డ్‌నరే.

నేను చెప్పిన గంటల లెక్క, సెషన్స్_వాయిదా గారు చెప్పిన గుర్తుపట్టడం సంగతి గార్డ్‌నర్ నిజం కేసుల్లోనూ వాడాడు. విలియం లిండ్లీ అనే మరణశిక్ష పడ్డ మనిషి కేసు రికార్డు తెప్పించుకుని, ప్రతి సాక్షీ ఏ వేళకు ఎక్కడున్నాడో పట్టిక వేసి, హత్య వేళకు లిండ్లీ వేరేచోట ఉన్నాడని చూపించాడు. మరణశిక్ష ఆగింది. 1948లో 'ఆర్గొసీ' పత్రిక అధిపతి హ్యారీ స్టీగర్‌తో కలిసి కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్ మొదలుపెట్టాడు. అన్యాయంగా జైలుపాలైనవాళ్ళ కేసులు తిరగదోడడం దాని పని. జట్టులో వైద్య-న్యాయ నిపుణుడు లెమోయిన్ స్నైడర్, లై డిటెక్టర్ నిపుణుడు లియోనార్డ్ కీలర్, డిటెక్టివ్ రేమండ్ షిండ్లర్ ఉన్నారు. 1952లో వచ్చిన ఆ పేరుగల పుస్తకానికి మిస్టరీ రైటర్స్ ఆఫ్ అమెరికా ఎడ్గార్ అవార్డు ఇచ్చింది. 1962లో గ్రాండ్ మాస్టర్ గౌరవం కూడా వాళ్ళదే. ఆయన కాల్పనికం రాయని పుస్తకాల్లో ఒక్కటే చదవాలంటే అది చదవండి. పోలీసు మొదట ఒక మనిషిని అనుకున్నాక సాక్ష్యం ఎలా ఆ మనిషి వైపే వంగుతుందో ఒక్కో కేసులో చూపిస్తాడు. మీ సీరియల్‌లో ప్రాసిక్యూషన్ వైపు బలం రావాలంటే, ఆ వంపు సహజంగా కనబడాలి. పోలీసు దుర్మార్గుడు కానక్కర్లేదు, తొందరపడ్డవాడైతే చాలు.

కృష్ణలంక_పాఠకుడు:

అందరికీ ధన్యవాదాలు. హంతకుడి మెట్లు, గంటల పట్టిక ముందు వేసుకుని, కథను సెషన్స్ విచారణ దగ్గరే పెడతాను. బెయిలు సీను తీసేస్తున్నాను. 161 స్టేట్‌మెంటుతో క్రాస్ చేసే భాగం రాశాక ఇక్కడ పెడితే, సెషన్స్_వాయిదా గారూ, ఒకసారి చూసి పెడతారా?

సెషన్స్_వాయిదా:

తప్పకుండా పెట్టండి. రాసేటప్పుడు దర్యాప్తు అధికారిని చివరి సాక్షిగా ఉంచండి, మామూలుగా జరిగేదీ అదే. ముందు సాక్షులు కాదన్నవన్నీ ఒక్కొక్కటిగా ఆయన నోట రాబట్టవచ్చు.